తాత పేరు మనవడికి

తెలుగు కుటుంబాల్లో చాలాకాలం బిడ్డ పేరు బిడ్డ పుట్టకముందే సగం తేలిపోయి ఉండేది. మొదటి మగపిల్లవాడికి తండ్రి వైపు తాత పేరు, రెండోవాడికి తల్లి వైపు తాత పేరు. ఆడపిల్లలైతే ముందు నాయనమ్మ, తర్వాత అమ్మమ్మ. ఈ నలుగురి పేర్లూ తీరాక గానీ మొక్కుకున్న దేవుడి పేరో, పుట్టిన వారమో, కన్నవాళ్ళ ముచ్చటో ముందుకు వచ్చేది కాదు. ఊరినిబట్టి, కులాన్నిబట్టి ఈ వరస కొంత మారేది. కొన్ని ఇళ్ళలో బతికున్న పెద్దల పేరు పెట్టరు; కొన్ని ఇళ్ళలో తాత కళ్ళముందే మనవడు ఆ పేరుతో తిరగాలని కోరుకుంటారు. వరస ఎలా ఉన్నా పేరు ముందు ఇంటిది, తర్వాతే బిడ్డది. పెద, చిన అని అన్నదమ్ములను విడదీసే పద్ధతి, ముద్దుపేర్లు, బడిలో మారిన పేర్లు, ఈనాటి పొడవాటి పాస్‌పోర్టు పేర్లు చాలావరకు ఈ ఒక్క అలవాటు నుంచి పుట్టినవే.

శాస్త్రంలో దీని ప్రస్తావన పాతదే. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన పతంజలి మహాభాష్యంలో, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ కొడుక్కి పేరు పెట్టే సంగతి ఎత్తుకుంటాడు. పదో రోజు దాటాక పెట్టే ఆ పేరు ఘోషాక్షరంతో మొదలవ్వాలి, నడుమ య ర ల వల్లో ఒకటి ఉండాలి, రెండు గాని నాలుగు గాని అక్షరాలుండాలి, పై మూడు తరాల పురుషులను తలపించాలి, శత్రువు పేరు కాకూడదు అని యాజ్ఞికుల మాటగా చెబుతాడు. తెలుగునాట కృష్ణ యజుర్వేదులు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం మగపిల్లవాడికి సరి అక్షరాలు, ఆడపిల్లకు బేసి అక్షరాలు చెబుతుంది. పుట్టిన నక్షత్రాన్నిబట్టి వచ్చే పేరును రహస్యంగా ఉంచమంటుంది. ఒకే బిడ్డకు లోపల ఒక పేరు, బయట ఒక పేరు ఉండవచ్చన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. అయితే సూత్రాలు చదవని, మంత్రం లేని ఇళ్ళలో కూడా తాత పేరు మనవడికి వచ్చింది. కాబట్టి శాస్త్రం ఈ అలవాటును పుట్టించిందనడం కంటే, జనంలో ఉన్న అలవాటునే శాస్త్రం రాసిపెట్టుకుందనడం సబబు.

శాసనాల్లో ఈ వరస స్పష్టంగా కనిపిస్తుంది. కృష్ణా తీరాన విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల్లో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, ఆయన కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అతని కొడుకు ఎహువుల చాంతమూలుడు. మనవడికి తాత పేరే వచ్చింది. శాతవాహనుల్లాగే వీరు కూడా పేరుకు ముందు తల్లి గోత్రం చెప్పుకున్నారు. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అన్నవి ఒకే పేరున్న రాజులను విడదీసి చూపడానికి ఈనాటి చరిత్రకారులకు కూడా పనికొస్తున్నాయి. తొలి కాకతీయుల్లో ఈ పద్ధతి ఉయ్యాల ఊగినట్టు నడిచింది: మొదటి బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజు, ఆయన కొడుకు రెండవ బేతరాజు, ఆయన కొడుకు రెండవ ప్రోలరాజు. తర్వాత రుద్రదేవుడితో కొత్త పేరు వచ్చింది, అదీ ఇంట్లోనే నిలిచింది. రుద్రమదేవి, ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు ఇద్దరూ ఆ పేరునే మోశారు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడి మరో కూతురు గణపాంబ తండ్రి పేరునే ఆడపేరుగా మార్చుకుని కోట వంశానికి కోడలిగా వెళ్ళింది. పేరు నిలబెట్టేది కొడుకులే అన్న మాటకు ఈ అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లే సమాధానం.

తల్లి వైపు తాత పేరు ఎంత బరువైనదో వేంగి చాళుక్యుల్లో చూడవచ్చు. 624 ప్రాంతంలో కుబ్జవిష్ణువర్ధనుడితో మొదలైన ఆ వంశంలో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు నాలుగు వందల ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. విమలాదిత్యుడు తంజావూరు చోళ చక్రవర్తి రాజరాజు కూతురు కుందవను పెళ్ళాడాడు. వారికి పుట్టిన కొడుక్కి తల్లి తండ్రి పేరు వచ్చింది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు ఆయనే. ఆ నరేంద్రుడు కూడా చోళుల ఆడపడుచునే, రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వారి కొడుకు పేరు రాజేంద్రుడు, అంటే మళ్ళీ అమ్మ తండ్రి పేరే. 1070లో ఆ మనవడే చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. వరసగా రెండు తరాలు మాతామహుడి పేరు పెట్టుకోవడం ప్రేమ కొద్దీనా, రాజకీయం కొద్దీనా అన్నది విడదీసి చెప్పలేం. పుట్టింటి పేరు బిడ్డకు పెట్టించుకోగలగడం ఆ రాణుల పలుకుబడికి గుర్తు అనడంలో మాత్రం సందేహం అక్కర్లేదు.

ఒకే పేరు పదే పదే వస్తే మనుషులను విడదీయడం ఎలా? రెడ్డి రాజులు తండ్రి పేరును ముందు చేర్చారు. ప్రోలయ కొడుకు వేముడు ప్రోలయ వేమారెడ్డి, కాటయ కొడుకు కాటయ వేముడు, అల్లాడ రెడ్డి కొడుకు అల్లయ వేముడు. నెల్లూరులో ఒకే ఇంటి పెదతండ్రి, పినతండ్రి బిడ్డలిద్దరికీ తిక్కన అనే పేరు వస్తే, లోకం వాళ్ళ పనినిబట్టి కవి తిక్కన, ఖడ్గ తిక్కన అని విడదీసుకుంది.

ఈ సంగతులన్నీ ఒక్క ఇంట్లో చూడాలంటే తాళ్ళపాక వారి ఇంటికి వెళ్ళాలి. అన్నమాచార్యుల (1408–1503) తాత నారాయణయ్య, తండ్రి నారాయణసూరి. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుడు. ఆయన కొడుకుల్లో ఒకరికి తండ్రి పేరే, కాకపోతే చిన తిరుమలాచార్యుడు. మరొకరికి తాత పేరు అన్నమయ్య. మిగిలిన ముగ్గురూ పెద తిరువేంగళనాథుడు, చిన తిరువేంగళనాథుడు, కోనేటి తిరువేంగళనాథుడు. అన్నమయ్య చరిత్రను ద్విపదలో రాసిన చిన్నన్న ఈ చిన తిరువేంగళనాథుడే. తిరుమల కొండ, ఆ కొండమీది దేవుడు, ఆయన కోనేరు, ఇంటి తాత, ఇంటి తండ్రి, అందరూ అయిదుగురు అన్నదమ్ముల పేర్లలో సర్దుకున్నారు. తోబుట్టువుల పేర్లు కలవాలి అంటే ఆ ఇంట్లో ప్రాస కుదరడం కాదు, ఒకే దేవుడి నీడలో అందరూ ఉండడం. విజయనగర సామ్రాజ్యాన్ని చివర్లో నడిపిన అరవీటి అన్నదమ్ములు రామరాయలు, తిరుమలరాయలు, వేంకటాద్రి పేర్లలోనూ ఇదే కనిపిస్తుంది.

మొక్కు పేర్లకు ఇదే మూలం. సంతానం కోసం ఒక దేవుడికి మొక్కుకున్నాక పుట్టిన పిల్లలందరూ ఆ దేవుడి పేరు మోయాల్సిందే. రాయలసీమలో అహోబిల నరసింహస్వామికి మొక్కిన ఇంట పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు పక్కపక్కన పెరిగారు, చెల్లెలు ఓబులమ్మ. తెలంగాణలో యాదగిరిగుట్ట పేరున యాదగిరి, యాదయ్య, యాదమ్మ. వేములవాడ రాజన్న పేరున రాజయ్య, రాజవ్వ. కొమురవెల్లి మల్లన్న పేరున కొమురయ్య, మల్లయ్య, మల్లమ్మ. ఐలోని మల్లన్న పేరున ఐలయ్య, ఐలమ్మ. మేడారం తల్లుల పేరున సమ్మయ్య, సమ్మక్క, సారక్క. కోస్తాలో కోటప్పకొండకు కోటయ్య, కోటేశ్వరమ్మ. అన్నవరానికి సత్యనారాయణ, సత్యవతి. సింహాచలానికి అప్పన్న, అప్పలనరసమ్మ. విజయనగరం పైడితల్లికి పైడిరాజు. అనకాపల్లి నూకాలమ్మకు నూకరాజు, నూకరత్నం. పెనుగంచిప్రోలుకు తిరుపతమ్మ, గోపయ్య. పిల్లలు దక్కడానికి పాముపుట్టలో పాలు పోసి మొక్కిన ఇళ్ళలో సుబ్బయ్య, సుబ్బమ్మ, నాగయ్య, నాగమ్మ, పుట్టయ్య. ఒక మనిషి పేరు వినగానే ఆ ఇంటివాళ్ళు ఏ జాతరకు బండి కట్టేవారో చెప్పగలిగేంత దగ్గరగా ఈ పేర్లు నేలతో ముడిపడి ఉన్నాయి.

ఈ మొక్కులు మతం గీత దగ్గర ఆగలేదు. నల్లగొండ పల్లెల్లోని సైదులు అనే పేరు జాన్‌పహాడ్ దర్గా నుంచి వచ్చింది. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల హిందూ ఇళ్ళలో మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రావు. సీమలో దస్తగిరి, హుసేనమ్మ. దర్గా దగ్గర మొక్కి కన్న బిడ్డకు పీరు పేరు పెట్టి, తర్వాతి బిడ్డకు వెంకటయ్య అని పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో. అన్నదమ్ముల పేర్లలో రెండు మతాలు కూర్చోవడం వాళ్ళకు విడ్డూరం అనిపించలేదు. తెలుగు సంస్కృతిలో ఇంతకంటే మెచ్చుకోదగ్గ సంగతులు కొన్నే ఉంటాయి. క్రైస్తవం తీసుకున్న ఇళ్ళలో దావీదు, యోహాను, రూతమ్మ, మరియమ్మ వంటి బైబిలు పేర్లతోపాటు ఏసురత్నం, సువార్తమ్మ, కృపావరం, దేవసహాయం లాంటి తెలుగు అల్లికలు పుట్టాయి. 1895లో వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు పుట్టిన మహాకవి పేరు జాషువ.

మొక్కుకు అవతలి వైపు భయం ఉంది. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డకు తాత పేరు పెట్టరు, అందమైన పేరు అసలే పెట్టరు. బిడ్డను ఎంగిలి విస్తరాకులో పడుకోబెట్టి, లేదా పెంటకుప్ప మీద పెట్టి, ఇంకొకరి చేత ఎత్తించి, గుప్పెడు తవుడో, చేటెడు నూకలో ఇచ్చి కొనుక్కున్నట్టు మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకునేవారు. ఆ బిడ్డలే పుల్లయ్య, పుల్లమ్మ, పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య, తవిటయ్య, తవిటమ్మ. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు పక్కకు పోతుందని ఆశ. మశూచి, కలరా ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చిన రోజుల్లో ఆ తల్లులకు చేతనైన రక్ష అదే. ఇప్పుడు నవ్వులాటకు వాడే ఈ పేర్ల వెనక చచ్చిపోయిన అన్నలు, అక్కలు ఉన్నారన్న సంగతి మరవకూడదు. తెలుగు సినిమా తొలినాళ్ళలో పేరు తెచ్చుకున్న ఇద్దరు దర్శకులు, సి. పుల్లయ్య, పి. పుల్లయ్య, ఇద్దరిదీ ఈ కోవ పేరే.

పేరు పెట్టే తంతు బారసాల. పురుడు తీరిన పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి బంగారపు ఉంగరంతో అందులో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతాడు. తెలంగాణలో చాలా ఇళ్ళలో తొట్టెలలో వేసే రోజే పేరు రోజు. ఎన్నో కుటుంబాల్లో పేరు పలికే హక్కు మేనత్తది. పురోహితుడు వస్తే బియ్యంలో ఒకటి కాదు, నాలుగు పేర్లు: నెలను ఏలే దేవుడి పేరు, నక్షత్రం పేరు, ఇలవేలుపు పేరు, పిలిచే పేరు. ఇరవై ఏడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున నూట ఎనిమిది అక్షరాలు పంచాంగంలో ఉంటాయి. అశ్వినికి చూ, చే, చో, లా. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. ఆ అక్షరాలతో మొదలయ్యే మాటే తెలుగులో దొరకదు. అప్పుడు పక్క పాదం అక్షరంతోనో, రాశికి చెందిన మరో అక్షరంతోనో సర్దుబాటు చేస్తారు. పాతరోజుల్లో ఈ అక్షరం బియ్యంలోని రహస్యనామానికే పరిమితం. పిలిచే పేరుకు కూడా అదే అక్షరం కావాలని పట్టుపట్టడం ఈమధ్య బాగా పెరిగింది. దానివల్ల తాత పేరుకు చోటు తగ్గింది కూడా.

పెద్దల పేరు బిడ్డకు పెట్టగానే ఇంట్లో ఒక చిక్కు వస్తుంది. కోడలు మామగారి పేరు, అత్తగారి పేరు నోటితో పలకకూడదు. మరి అదే పేరున్న కొడుకును పిలిచేదెలా? దుడుకు చేసిన పిల్లవాణ్ణి మామగారి పేరు పెట్టి తిట్టగలదా? అందుకే ముద్దుపేర్లు. బాబు, చిన్నా, బుజ్జి, బుల్లోడు, అబ్బులు, చిట్టి, పాప, పండు, అమ్మడు. కొన్ని ఇళ్ళలో కన్నకొడుకునే నాయనా, తాతయ్యా అని, కూతురిని అమ్మా, అమ్మాజీ అని పిలిచారు. ఆ గౌరవం బిడ్డకు కాదు, బిడ్డ మోస్తున్న పేరుకు. ఇలా పిలిచిన పేరు జీవితమంతా అంటుకుని, అసలు పేరు పెళ్ళి శుభలేఖలో చూసి ఊరివాళ్ళు ఆశ్చర్యపోవడం పల్లెల్లో మామూలే. తెలుగు ముద్దుపేర్లలో సగం లాలన అయితే, సగం ఈ నిషేధం నేర్పిన నేర్పు.

మరో చిక్కు దాయాదులది. నలుగురు అన్నదమ్ములకూ పెద్దకొడుకు పుడితే నలుగురికీ తాత పేరే. ఇంటిపేరు కూడా ఒకటే కావడంతో ఊళ్ళో నలుగురు మనుషులకు అక్షరం తేడా లేకుండా ఒకే పేరు. అప్పుడు ముందుమాటలు పుట్టుకొచ్చాయి: వెంకట సుబ్బారావు, రామ సుబ్బారావు, శివ సుబ్బారావు. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో పేర్ల కొలను ఇంకా చిన్నది. తండ్రి వైపు తాత, తల్లి వైపు తాత ఒకే చుట్టరికంలోని వాళ్ళు కాబట్టి అవే నాలుగైదు పేర్లు తిరుగుతూ ఉండేవి. తోబుట్టువులకు దైవాల జంట పేర్లు పెట్టేటప్పుడు రామలక్ష్మణులు, కృష్ణబలరాములు, కవలలైతే లవకుశులు అనుకునేవారు గాని, అన్నాచెల్లెళ్ళకు ఆలుమగల పేర్లు పెట్టడానికి వెనకాడేవారు. అయినా తాత రామయ్య, నాయనమ్మ సీతమ్మ అయిన ఇంట్లో ఆ వెనకాడడం చెల్లలేదు. పెద్దల మాటే నెగ్గింది. అన్న రామయ్య, చెల్లెలు సీతమ్మ అయ్యారు.

తాత పేరు ఆధునికులనూ వదల్లేదు. వాడుక భాషకు గొంతునిచ్చిన గురజాడ అప్పారావు తండ్రి వెంకట రామదాసు, కొడుకు కూడా వెంకట రామదాసే. కానీ ఆయన కాలం నుంచే కొత్త గాలి వీచింది. జాతీయోద్యమం రవీంద్రనాథ్, చిత్తరంజన్, సుభాష్‌చంద్రబోస్, జవహర్‌లాల్, సరోజిని వంటి పేర్లను తెలుగు పల్లెల్లోకి తెచ్చింది. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం పేరు సత్యాగ్రహం ఊపులో బంధువులు పెట్టినది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆమె ఆ పేరుకు తగ్గట్టే నిలిచింది. కమ్యూనిస్టు ఊళ్ళలో లెనిన్, స్టాలిన్ అన్నదమ్ములయ్యారు. కన్నవాళ్ళ రాజకీయ నమ్మకం ఇంటి వంశవృక్షాన్ని దాటి పిల్లల పేర్లలోకి రావడం ఇదే పెద్దఎత్తున మొదలు.

రెండో మార్పు బడి తెచ్చింది. చేరిక రోజున పంతులు రిజిస్టరులో రాసిందే సర్టిఫికెట్ పేరు. అక్కడ పుల్లయ్య పుల్లారావు అయ్యాడు, కొమురయ్య కుమార్ అయ్యాడు, ఎల్లమ్మ ఎల్లేశ్వరి అయింది. అయ్య, అమ్మ, అవ్వ తోకలు రాలిపోయి రావు, కుమార్, దేవి, కుమారి, లత వచ్చాయి. కులవృత్తి పేర్ల బరువును దించుకోవాలనుకున్నవారికి ఇది విడుదల. ఊరి దేవత పేరు పిల్లకు నామోషీ అనిపించడం మాత్రం నష్టమే.

సినిమా కుటుంబాలు పాత వరసను కొత్త తరహాలో చూపాయి. నందమూరి తారకరామారావు కొడుకుల పేర్లు జయకృష్ణ, సాయికృష్ణ, హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ అంటూ కృష్ణతో, కూతుళ్ళ పేర్లు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి అంటూ ఈశ్వరితో ముగుస్తాయి. పెద్దకొడుకు రామకృష్ణ చిన్నవయసులో పోతే, తర్వాత పుట్టిన కొడుక్కి మళ్ళీ ఆ పేరే పెట్టుకున్నారు. పోయిన బిడ్డ పేరును దూరం పెట్టిన పాత భయానికి ఇది పూర్తిగా ఎదురు. అక్కినేని నాగేశ్వరరావు పేరులోని నాగ అన్న ముక్క పిల్లలు నాగార్జున, నాగసుశీలలకు, మనవడు నాగచైతన్యకు వచ్చింది. నటుడు రానా అసలు పేరు తాతగారిదే, రామానాయుడు. తాత పేరు పూర్తిగా పెట్టి పొట్టిగా పిలవడం, లేదా అందులో ఒక ముక్క తీసుకోవడం, ఈ రెండు దారులే నేడు చాలా మధ్యతరగతి ఇళ్ళు పట్టాయి. నాయనమ్మ సుబ్బలక్ష్మి అయితే మనవరాలు శుభ, అమ్మమ్మ కనకమ్మ అయితే కనిష్క. మిగిలేది మొదట్లో కాస్త పోలికే, కానీ ఆ కారణం చెబితే పెద్దలు ఊరుకుంటున్నారు. అక్కాతమ్ముళ్ళకు హర్షిత, హర్షిత్ అని, కవలలకు ఒకే అక్షరంతోనో ఒకే తోకతోనో పెట్టడం ఇప్పటి పద్ధతి. తాళ్ళపాక వారి ఇంట్లో దేవుడు చేసిన పనిని ఇక్కడ ధ్వని చేస్తోంది.

దేశం దాటినవారి పేర్లకు వేరే కథ నడిచింది. 19వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా చెరకు తోటలకు వెళ్ళిన కూలీల్లో ఎందరికో పేరు చివరి నాయుడే ఇంటిపేరుగా స్థిరపడి, అసలు ఇంటిపేరు మరుగున పడింది. అమెరికా వెళ్ళినవారికి ముందుండే ఇంటిపేరు చివరికి జరిగింది. వెంకట సత్య సాయి అన్న మూడు మొక్కుల పేరులో మొదటి మాటతోనే ఆఫీసులో అందరూ పిలుస్తారు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే పేరు కాగితం నింపే అలవాటు కాబట్టి బారసాల దాకా ఆగడం కుదరదు. తాత పేరును నడిమి పేరుగా రాయించి, పిలిచే పేరు తమకు నచ్చినది పెట్టుకోవడం ఆ తల్లిదండ్రులు కనిపెట్టిన దారి.

భారతదేశంలో 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ఈ విషయంలో ఉదారంగా ఉంది. పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు. ఏడాదిలోగా రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ లోపు, పేరు చేర్పించుకోవచ్చు. నాయనమ్మ ఒక పేరు, అమ్మమ్మ ఒక పేరు పట్టుకుని కూర్చున్న ఇళ్ళలో, నక్షత్రం అక్షరం ఒకవైపు తాత పేరు ఒకవైపు లాగుతున్న ఇళ్ళలో, ఆ ఏడాది గడువు బాగానే అక్కరకొస్తోంది.